పక్కింటికి వినిపించని ఉరుము

వంద వాట్ల ట్యూబ్ గిటార్ యాంప్‌ను (గాజు వాల్వులతో నడిచే యాంప్లిఫయర్‌ను) ఇంట్లో పెట్టుకున్నవాళ్లకు మొదటి సాయంత్రమే ఒక సంగతి తెలిసిపోతుంది. మాస్టర్ వాల్యూమ్ నాబ్ మీద సున్నా నుంచి పది దాకా అంకెలున్నా, తమకు దక్కేది సున్నాకూ ఒకటికీ మధ్య ఉన్న సందు మాత్రమే. ఆ సందులో కూడా నాబ్‌ను గోటితో నెట్టినట్టు నెట్టాలి. కాస్త ఎక్కువైతే కిటికీ అద్దాలు గలగలలాడతాయి, కాస్త తక్కువైతే అసలు శబ్దమే ఉండదు. ఇంతలో ఎవరో ఒకరు చెప్పనే చెబుతారు: "ట్యూబ్ యాంప్ అంటే పూర్తిగా తిప్పి వాయించాలి, లేకపోతే దాని అసలు టోన్ రాదు" అని.

ఈ మాటలో సగం నిజం ఉంది. ఆ సగం కూడా ఒక కాలానికి, ఒక రకం యాంప్‌కు చెందిన నిజం. ఇంట్లో హెవీ, అంటే మెటల్ సంగీతపు బరువైన గిటార్ టోన్ రికార్డ్ చేయాలనుకునేవాళ్లను తిప్పలు పెట్టేది మిగిలిన సగం. అందులో మూడు వేర్వేరు విషయాలు చిక్కుబడి ఉన్నాయి: గదిలో మోత ఎంత, డిస్టార్షన్ (సిగ్నల్ తెగినప్పుడు వచ్చే గరుకు) యాంప్‌లో ఏ మూల పుడుతోంది, మైక్ చెవిన ఏం పడుతోంది. ఏళ్ల తరబడి గెయిన్ (యాంప్ మొదట్లో సిగ్నల్‌ను పెంచే మోతాదు) పెంచి, బాస్ పెంచి, ట్రాకులు పెంచి చూసినవాణ్ని నేను. చివరికి తేలిందేమిటంటే, హెవీ టోన్ బరువు మనం కలిపినదాంట్లో కన్నా తీసేసినదాంట్లోనే ఎక్కువ ఉంటుంది. అది ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం.

వాట్ల లెక్క

ముందు మోత సంగతి. వంద వాట్ల యాంప్ యాభై వాట్ల దానికన్నా రెట్టింపు గట్టిగా మోగుతుందనుకుంటాం. మోగదు. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే శక్తి పదింతలు కావాలి. ఆ లెక్కన వంద వాట్ల మోతలో సగం కావాలంటే దిగాల్సింది యాభై వాట్లకు కాదు, పది వాట్లకు.

ఇప్పుడు స్పీకర్ వైపు చూడండి. హెవీ రికార్డింగుల్లో తరచుగా వినబడే సెలెస్టియన్ వింటేజ్ 30 సెన్సిటివిటీ 100 డెసిబెల్స్. ఒకే ఒక్క వాట్ ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే వచ్చే మోత అది. పని ప్రదేశాల్లో వినికిడి కాపాడటానికి అమెరికాలోని నియోష్ సంస్థ సూచించిన హద్దు 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతూ పోతుంది. 100 డెసిబెల్స్ దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. ఒక్క వాట్‌కే ఇది!

అందుకే "వంద వాట్లు ఇంటికి ఎక్కువ, ఐదు వాట్లది కొనుక్కుంటాను" అనే ఆలోచన కాగితం మీదే బాగుంటుంది. అదే స్పీకర్‌కు ఐదు వాట్లు ఇస్తే 107 డెసిబెల్స్ వస్తాయి. వంద వాట్లకు లెక్క ప్రకారం 120. రెండింటికీ పక్కింటివాళ్లు తలుపు కొట్టడం ఖాయం. ఇంట్లో కాసేపు భరించగల 80 డెసిబెల్స్ కావాలంటే ఆ స్పీకర్‌కు అందాల్సింది వాట్‌లో నూరో వంతు. ఏ యాంప్ కొన్నా చివరికి దిగాల్సింది అక్కడికే. కాబట్టి యాంప్ మీద రాసిన వాట్ల గురించి బెంగ పెట్టుకోవడం అనవసరం. ఆ నూరో వంతు దగ్గర టోన్‌లో ఏది నిలుస్తుంది, ఏది జారిపోతుంది అన్నదే అసలు ప్రశ్న.

గోడలకు దుప్పట్లు వేలాడదీయడం గురించి ఒక్క మాట. దుప్పటి గదిలో తిరిగే పైస్వరాల ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, అంతే. శబ్దాన్ని బయటికి పోకుండా ఆపేది బరువైన, సందుల్లేని గోడ. కింది స్వరాల దగ్గరైతే దుప్పటి ఉన్నా లేనట్టే.

ప్లెక్సీ నాటి సలహా

"పూర్తిగా తిప్పాలి" అనే సలహా ఎక్కడ పుట్టింది? 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణం నుంచి వచ్చిన జేటీఎం45 యాంప్, అమెరికన్ ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ను ఎదురుగా పెట్టుకుని చేసినది. ఆ దారిలోనే తర్వాత వచ్చిన వంద వాట్ల సూపర్ లీడ్‌ను, ముందున్న ప్లెక్సీగ్లాస్ పలకను బట్టి అందరూ ప్లెక్సీ అంటారు. దానికి మాస్టర్ వాల్యూమ్ అనేదే లేదు. వాల్యూమ్ పెంచుకుంటూ పోతే చివర్లో ఉన్న ఫేజ్ ఇన్వర్టర్ (పవర్ ట్యూబులకు సిగ్నల్ పంచే దశ), స్పీకర్‌ను నడిపే పవర్ ట్యూబులు చేతులెత్తేస్తాయి. అలా చేతులెత్తేయడమే ఆ డిస్టార్షన్. కాబట్టి మోత లేకుండా టోన్ లేదు. ఆ యాంప్‌కు ఆ సలహా అక్షరాలా నిజం.

1975లో మార్షల్ 2203 అనే మోడల్‌తో మాస్టర్ వాల్యూమ్ తెచ్చింది. 1981 నుంచి అదే సర్క్యూట్ జేసీఎం800 పేరుతో అమ్ముడైంది. జేసీఎం అంటే జేమ్స్ చార్లెస్ మార్షల్, ఆయన పేరులోని పొడి అక్షరాలే. ఇందులో కథ మారిపోయింది. చిటికెన వేలంత ఉండే ఈసీసీ83 ప్రీయాంప్ ట్యూబులను (సిగ్నల్‌ను మొదట పెంచేవాటిని) ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపారు. మొదటి దశ పెంచిన సిగ్నల్ గెయిన్ నాబ్ దాటి రెండో దశకు వెళ్తుంది. ఆ రెండో దశను కావాలనే చల్లగా బయాస్ చేశారు, అంటే తక్కువ కరెంటుతో నడిచేలా పెట్టారు, దాని క్యాథోడ్ దగ్గర 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. దానివల్ల అల రెండు వైపులా సమానంగా తెగదు, ఒక వైపు ముందే తెగుతుంది. ఈ యాంప్ గొంతులో వినిపించే ఆ గరుకు చాలావరకు ఇక్కడిదే. మాస్టర్ వాల్యూమ్ ఇవన్నీ అయ్యాక వస్తుంది. అప్పటికే వండి ఉన్న డిస్టార్షన్‌లో ఎంత పవర్ ట్యూబులకు పంపాలన్నది మాత్రమే అది తేలుస్తుంది.

అంటే 2203లాంటి యాంప్‌లో హెవీ రిఫ్‌కు (పదేపదే వచ్చే చిన్న వరసకు) కావలసిన సరుకులో పెద్ద భాగం మాస్టర్ ఒకటి దగ్గరున్నా తయారవుతూనే ఉంటుంది. పైగా, పవర్ ట్యూబులను అలిసిపోయేదాకా తోలితే కింది స్వరాలు వదులవుతాయి. సాగదీసి వాయించే రాక్ కార్డులకు ఆ వదులు తీపి. వేగంగా పామ్ మ్యూట్ చేసే, అంటే అరచేతి అంచుతో తీగలను అదిమి వాయించే రిఫ్‌కు అదే బురద. మెటల్ వాయించేవాళ్లకు పవర్ యాంప్ శుభ్రంగా ఉంటేనే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే ఏమీ పోదని అనను. ఈఎల్34 పవర్ ట్యూబులు కొద్దిగా నొక్కి పట్టడం, ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే మెత్తదనం, కాగితపు కోన్ గట్టిగా కదిలినప్పుడు వచ్చే అణకువ, ఇవి తక్కువ మోతలో అందవు. 2203లో ఇంకో చిన్న మెలిక ఉంది. గెయిన్ నాబ్‌కు అడ్డంగా ఒక చిన్న బ్రైట్ కెపాసిటర్ ఉంటుంది. గెయిన్ తగ్గించినా అది పైస్వరాలను తగ్గనివ్వకుండా నాబ్ పక్కదారిన ముందుకు పంపించేస్తుంది. అందుకే గెయిన్ రెండో మూడో దగ్గర పెట్టి వాయిస్తే గొంతు రేకు డబ్బాలా ఉంటుంది. ఐదు దాటాక ఆ గోల సద్దుమణుగుతుంది. యాంప్‌దే తప్పనుకుని అమ్మేసినవాళ్లను చూశాను.

అల మీద అలలు

ఇక అసలు విషయం. దీన్ని కాస్త నింపాదిగా చూద్దాం, ఎందుకంటే బరువంతా ఇక్కడే ఉంది.

గిటార్ ఆరో తీగను, అంటే కింది ఇ స్వరాన్ని మీటండి. అది సెకనుకు 82.4 సార్లు కంపిస్తుంది. పికప్ (తీగ కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగం) నుంచి వచ్చే సిగ్నల్‌ను బొమ్మగా గీస్తే ఒక పెద్ద నిదానపు అల, దాని వీపు మీద ఎన్నో చిన్న చిన్న అలలు. పెద్ద అల తీగ మూలస్వరం. చిన్న అలల్లో ఉంది మిగతా అంతా: పిక్ (తీగను మీటే చిన్న బిళ్ల) తీగకు తగిలిన చప్పుడు, తీగ లోహపు మెరుపు, అరచేతి అంచు తీగను నొక్కిన తీరు. డిస్టార్షన్ అంటే ఒక హద్దు దాటిన అలను పైన కోసేయడం. పెద్ద అల హద్దు దాటి పైన ఉన్నంతసేపూ దాని వీపు మీద ఉన్న చిన్న అలలు కూడా కోతలో పోతాయి. అంటే సెకనుకు 82 సార్లు మీ పిక్ చప్పుడు మాయమై మళ్లీ వస్తూ ఉంటుంది. చెవికి అది గుడగుడగా, నోట్లో వేడి అన్నం పెట్టుకుని మాట్లాడినట్టుగా వినబడుతుంది.

ఇలా ఒకసారి పోయిన చిన్న అలలను తర్వాత ఏ ఈక్వలైజర్‌తోనూ వెనక్కి తేలేం. బురద పట్టిన ట్రాక్‌లో బాస్ తగ్గిస్తే పలచటి బురద వస్తుంది. అదే బాస్‌ను డిస్టార్షన్‌కు ముందే తగ్గిస్తే? పెద్ద అల చిన్నబోతుంది, చిన్న అలలు తమంతట తాము హద్దును తాకుతాయి. ప్రతి పిక్ దెబ్బా తెగువగా, విడివిడిగా వినిపిస్తుంది.

మరి బరువు పోదా అని అడగొచ్చు. పోదు, ఎందుకంటే బరువును డిస్టార్షనే మళ్లీ పుట్టిస్తుంది. పవర్ కార్డ్ తీసుకోండి: కింది ఇ 82.4 హెర్ట్జ్, దాని పంచమం బి సుమారు 123.6 హెర్ట్జ్. వీటి నిష్పత్తి రెండుకు మూడు. రెండు స్వరాలు కలిసి డిస్టార్షన్‌లో నలిగినప్పుడు వాటి తేడా, వాటి మొత్తం కూడా కొత్త స్వరాలుగా పుడతాయి. ఇక్కడ తేడా 41.2. సరిగ్గా ఇ స్వరానికి ఒక స్థాయి కింద! మొత్తం 206, అది 41.2కు ఐదింతలు. పుట్టే పిల్ల స్వరాలన్నీ అదే 41.2 గుణిజాలుగా ఒక వరసలో పడతాయి. రెండు తీగలు మీటితే కింద మూడోది ఎవరో మీటినట్టు ఉండేది అందుకే. ఇప్పుడు పంచమం బదులు గాంధారం, అంటే జి షార్ప్ పెట్టి చూడండి. 82.4, 103.8. తేడా 21.4. అది ఏ వరసలోనూ సరిగ్గా ఇమడదు, దాని పిల్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. హై గెయిన్‌లో మేజర్ కార్డ్ ముద్దగా వినబడేది ఈ లెక్క వల్లే, అభిరుచి వల్ల కాదు.

ముందే తీసేయడం కొత్త కిటుకేమీ కాదు. బ్లాక్ సాబత్ బ్యాండ్ తొలి రికార్డులు చేసిన రోజుల్లో దాని గిటారిస్ట్ టోనీ అయామీ లేనీ యాంపుల ముందు డాలస్ రేంజ్‌మాస్టర్ అనే చిన్న పెట్టె వాడాడు. అది బాస్ పెంచే పెట్టె కాదు, ట్రెబుల్ బూస్టర్! హెవీ మెటల్ చీకటికి పునాది వేసిన గిటార్ గొంతు వెనక పైస్వరాలను పెంచే పెట్టె ఉండటం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు ఆ పనికి ఎక్కువమంది వాడేది ఐబానెజ్ ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్ (కాలితో నొక్కే చిన్న పెట్టె), లేదా దాని లెక్కలేనన్ని నకళ్లు. కొత్తవాళ్లు దాన్ని చూసి "యాంప్‌లో ఉన్న డిస్టార్షన్ చాలక పెడల్ డిస్టార్షన్ కలుపుతున్నారు" అనుకుంటారు. సెట్టింగులు చూస్తే అసలు సంగతి బయటపడుతుంది: డ్రైవ్ సున్నా, లెవెల్ నిండుగా. దాని సర్క్యూట్ సుమారు 720 హెర్ట్జ్ నుంచి కిందికి వెళ్లేకొద్దీ తక్కువ పెంచుతుంది. అంటే కిందివాటిని వెనక్కి నెట్టి మధ్య స్వరాలను ముందుకు తోసే ఫిల్టర్‌గా వాడుతున్నారన్నమాట. పెడల్ వేసిన వెంటనే గదిలో టోన్ కాస్త సన్నబడినట్టు అనిపిస్తుంది. కంగారు పడకండి, రిఫ్ వాయించి రికార్డ్ చేసి వినండి.

యాంప్ మీద ఉన్న బాస్ నాబ్‌తోనే ఈ పని చేయొచ్చు కదా అంటే, అది ఏ యాంప్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. మార్షల్ 2203లో టోన్ నాబులు డిస్టార్షన్ దశల తర్వాత వస్తాయి. అక్కడ బాస్ తగ్గించినా కోత అప్పటికే అయిపోయింది. మెసా బూగీ మార్క్ వరసలో టోన్ నాబులు లీడ్ గెయిన్ దశలకు ముందు ఉంటాయి. అందుకే ఆ యాంప్ వాడేవాళ్లు బాస్‌ను ఒకటి దగ్గరికి దించేసి, పోయినదాన్ని చివర్లో ఉన్న ఐదు పట్టీల గ్రాఫిక్ ఈక్వలైజర్‌తో తెచ్చుకుంటారు. నాబ్ మీద రాసిన పేరు ఒకటే, చేసే పని వేరు. ఒకరి సెట్టింగుల ఫొటో చూసి మన యాంప్ మీద అవే అంకెలు పెట్టుకోవడం ఎందుకు పనిచేయదో దీన్నిబట్టి తెలుస్తుంది.

స్పీకర్‌కు బదులుగా

మోత ఎంత తగ్గించినా సరిపోని ఇళ్లుంటాయి, సరిపోని రాత్రులుంటాయి. అప్పుడు స్పీకర్‌నే పక్కన పెట్టాలి. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి: ట్యూబ్ యాంప్‌ను స్పీకర్ గానీ లోడ్ గానీ లేకుండా ఎప్పుడూ వాయించకండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో చేరిన శక్తికి పోయే దారి లేక వోల్టేజ్ ఎగదన్ని ట్రాన్స్‌ఫార్మర్‌నో, ట్యూబులనో, సాకెట్లనో కాల్చేస్తుంది. స్పీకర్ వైర్ బదులు గిటార్ కేబుల్ వాడటం కూడా తప్పే. యాంప్ వెనక ఓమ్‌ల స్విచ్ క్యాబ్‌తో, అంటే స్పీకర్ పెట్టెతో సరిపోవాలి. ఇక మూత తెరిచి చూసే సరదా ఉంటే వదులుకోండి. లోపల 400 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు కాచుకుని ఉంటుంది.

యాంప్‌కూ స్పీకర్‌కూ మధ్య పెట్టి శక్తిలో కొంత వేడిగా మార్చేసేది అటెన్యుయేటర్. మొత్తం శక్తిని మింగేసి, రికార్డింగ్‌కు పనికొచ్చే లైన్ సిగ్నల్ ఇచ్చేది లోడ్ బాక్స్. ఇక్కడ తేడా తెలుసుకోవాల్సింది రెసిస్టివ్, రియాక్టివ్ అన్న రెండు మాటల మధ్య. స్పీకర్ మీద 16 ఓమ్‌లు అని రాసి ఉన్నా అది అన్ని స్వరాల దగ్గరా 16 కాదు. కోన్ తనంతట తాను ఊగే రెజొనెన్స్ దగ్గర, అంటే సుమారు వంద హెర్ట్జ్ చుట్టుపక్కల, అది చాలా రెట్లు పెరుగుతుంది. మధ్యలో పడిపోయి, పైస్వరాలకు వెళ్లేకొద్దీ మళ్లీ ఎక్కుతుంది. ట్యూబ్ యాంప్ ఈ ఎత్తుపల్లాలకు స్పందిస్తుంది: ఓమ్‌లు ఎక్కువైన చోట వోల్టేజ్ ఎక్కువ ఇస్తుంది. కింద ఆ కొద్దిపాటి దుముకుడు, పైన ఆ పదును అలా వచ్చేవే. మామూలు రెసిస్టర్ అన్ని చోట్లా ఒకేలా ఉంటుంది కాబట్టి యాంప్ చదునుగా, మధ్యలో ఉబ్బినట్టు వినబడుతుంది. రియాక్టివ్ లోడ్ కాయిల్స్, కెపాసిటర్లతో స్పీకర్ ఎత్తుపల్లాలను అనుకరిస్తుంది. రెండింటిలో ఒకటే కొనగలిగితే రియాక్టివ్ కొనండి. ఇందులో నాకు సందేహం లేదు.

లోడ్ బాక్స్ నుంచి వచ్చే సిగ్నల్‌ను నేరుగా వింటే తేనెతుట్టెను చెవికి అంటించుకున్నట్టే. గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన గట్టిగా కోసేస్తుంది, ఇప్పుడు ఆ కోసేవాడు లేడు. ఆ పని ఐఆర్ చేస్తుంది, ఇంపల్స్ రెస్పాన్స్. ఒక క్యాబ్‌లోకి పరీక్ష స్వరం పంపి, మైక్‌తో పట్టి, అందులోంచి లెక్కగట్టిన అర సెకను కూడా ఉండని చిన్న ఆడియో ఫైల్ అది. అందులో స్పీకర్, పెట్టె, మైక్, మైక్ పెట్టిన చోటు అన్నీ అచ్చుపడి ఉంటాయి. మోత పెంచితే కోన్ ప్రవర్తన మారడం మాత్రం ఉండదు. ఐఆర్ ఒక ఫొటో, స్పీకర్ ప్రాణంతో కదిలే మనిషి. అయినా బాగా తీసిన ఫొటో, చీకటి మూలలో వంకరగా నిలబెట్టిన మనిషి కన్నా మేలు. మైక్ సరిగ్గా పెట్టలేని గదిలో ఐఆర్ వాడటానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

మైక్ చెవి

నా మొదటి రికార్డింగ్ గురించి చెప్పాలి. నాలుగు స్పీకర్ల క్యాబ్, దాని గ్రిల్ గుడ్డకు సరిగ్గా నట్టనడుమ మైక్ ఆనించి, ఎంతో శ్రద్ధగా ఒక సాయంత్రమంతా వాయించాను. వింటే ఎవరో దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టు ఉంది. రెండు రోజుల తర్వాత టార్చ్ వేసి గుడ్డ వెనక చూస్తే తెలిసింది, నాలుగు స్పీకర్లున్న క్యాబ్ నట్టనడుమ ఉండేది చెక్క! అప్పటి నుంచి టార్చ్ లేకుండా మైక్ పెట్టను. గుడ్డకు ఏటవాలుగా వెలుగు వేస్తే కోన్ గుండ్రం, మధ్యలో డస్ట్ క్యాప్ బుడిపె స్పష్టంగా కనబడతాయి. అక్కడ గుడ్డ మీద చిన్న టేపు ముక్క అంటించుకోండి.

మైక్ ఏదైనా, 1965లో వచ్చిన షూర్ ఎస్‌ఎం57తో మొదలుపెడితే నష్టపోయేది లేదు. దాన్ని గుడ్డకు రెండు వేళ్ల దూరంలో పెట్టి, హెడ్‌ఫోన్స్ వేసుకుని, గెయిన్ పెంచి ఏమీ వాయించకుండా ఉండండి. యాంప్ తనంతట తాను "సర్ర్ర్" మంటుంది. ఆ సర్రుమనడంలో అన్ని స్వరాలూ ఉంటాయి కాబట్టి అదే మీ పరీక్ష స్వరం. ఇప్పుడు మైక్‌ను డస్ట్ క్యాప్ నడి బిందువు నుంచి అంచు వైపు మెల్లగా జరపండి. నడుమ ఆ చప్పుడు సూదుల్లా ఉంటుంది. క్యాప్ అంచు, కోన్ కలిసే గీత దగ్గరికి రాగానే సూదులు మొద్దుబారి ఒక రకమైన ఒళ్లు వస్తుంది. ఇంకో రెండు సెంటీమీటర్లు జరిగితే మసకబారుతుంది. ఇదంతా బొటనవేలు వెడల్పులో జరిగిపోతుంది. ఆ గీత దగ్గర మొదలుపెట్టి, గోరంత అటూ ఇటూ జరుపుతూ వాయించి చూడండి. ఈ పది నిమిషాల పనిని తర్వాత మిక్స్‌లో పది గంటలు కూర్చున్నా చేయలేం.

దగ్గర పెట్టిన మైక్‌కు గది పెద్దగా వినబడదు, స్పీకర్ మోత గది ప్రతిధ్వనిని ముంచేస్తుంది. ఇంట్లో రికార్డ్ చేసేవాళ్లకు అది వరమే. అయితే ఇలాంటి కార్డియాయిడ్ మైక్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) దగ్గరికి వెళ్లేకొద్దీ బాస్‌ను పెంచి చూపిస్తుంది, దాన్నే ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు. పామ్ మ్యూట్ ఉబ్బిపోతుంటే నాబులు ముట్టుకోకుండా ముందు మైక్‌ను ఇంకో రెండు సెంటీమీటర్లు వెనక్కి జరపండి.

చాలామంది ఇంకో చోట తప్పటడుగు వేస్తారు. మనం గదిలో నిలబడితే క్యాబ్ మన మోకాళ్ల దగ్గర ఉంటుంది, చెవులు ఎక్కడో పైన. గిటార్ స్పీకర్ పైస్వరాలను టార్చ్ వెలుగులా నేరుగా ముందుకే కొడుతుంది, పక్కలకు పంచదు. అందుకే నిలబడి విన్నప్పుడు ట్రెబుల్ చాలదనిపించి నాబ్ పెంచుతాం. మైక్ మాత్రం ఆ వెలుగులోనే కూర్చుని ఉంది. గదిలో అద్భుతంగా ఉన్న టోన్ రికార్డింగ్‌లో చెవులు కోసేది అందుకే. కాబట్టి మైక్ పెట్టాక గదిలో విన్నదాన్ని మరిచిపోయి, హెడ్‌ఫోన్స్‌లో వింటూ నాబులు మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. గదిలో మనల్ని ఒళ్లు జలదరింపజేసిన ఆ టోన్ మైక్‌కు ఎప్పుడూ అందలేదు, అందదు. దాని వెంటపడటం మానేసిన రోజే నా రికార్డింగులు బాగుపడ్డాయి.

రెండు మైకులు పెట్టాలని ఉంటే దూరాలు కొలవండి. స్పీకర్ నుంచి రెండింటికీ దూరంలో 7 సెంటీమీటర్ల తేడా ఉంటే ఒకదానికి శబ్దం సెకనులో ఐదువేలో వంతు ఆలస్యంగా చేరుతుంది. కలిపినప్పుడు 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. గిటార్ కొరుకుడంతా ఉండేది ఆ చుట్టుపక్కలే. స్వీడన్‌లోని స్టూడియో ఫ్రెడ్‌మన్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో ఒక ఎస్‌ఎం57 నేరుగా, పక్కనే ఇంకోటి 45 డిగ్రీల ఏటవాలుగా ఉంటాయి, రెండింటి మూతులూ ఒకే దూరంలో. ఇంట్లో అయితే నా ఓటు ఒక్క మైక్‌కే.

రెండుసార్లు వాయించడం

పెద్ద గోడలా వినిపించే గిటార్ నిజానికి ఒక గిటార్ కాదు. ఒకే రిఫ్‌ను రెండుసార్లు వాయించి ఒకదాన్ని పూర్తిగా ఎడమకు, ఇంకోదాన్ని పూర్తిగా కుడికి తోస్తారు. రెండు వాయింపుల మధ్య ఉండే మిల్లీసెకన్ల తేడాలే ఆ వెడల్పు. ఒక ట్రాక్‌నే కాపీ చేసి రెండు వైపులా పెడితే వెడల్పు రాదు, మధ్యలో అదే గిటార్ ఇంకాస్త గట్టిగా వినబడుతుంది. మోసానికి ఇక్కడ చోటు లేదు, రెండోసారి వాయించి తీరాలి.

ఇక్కడే గెయిన్ మళ్లీ తగ్గాలి. ఒంటరిగా వాయించినప్పుడు సరిపోయిందనిపించిన గెయిన్ రెండు ట్రాకులు కలిసేసరికి ఎక్కువైపోతుంది, నాలుగైతే ఇసుక తుఫానే. గెయిన్ తగ్గితే చేతిలోని తప్పులు బయటపడతాయి, నిజమే. అందుకే మనకు గెయిన్ అంటే అంత ప్రేమ, అది తప్పుల మీద కప్పే దుప్పటి. నేనైతే ఒంటరిగా వింటే "కాస్త చాలదే" అనిపించే దగ్గర ఆపుతాను. కొత్త తీగలు, ప్రతి టేక్ ముందూ ట్యూనింగ్ చూసుకోవడం, గట్టి పిక్, తీగను దాటి బల్లను కొడుతున్నట్టుండే కుడి చేయి, ఇవి ఏ పెడల్ కన్నా ఎక్కువ ఇస్తాయి.

ఆ టేక్ తీసేటప్పుడే డీఐ బాక్స్ ద్వారా గిటార్ శుభ్రమైన సిగ్నల్‌ను కూడా ఇంకో ట్రాక్‌లో పట్టి ఉంచుకోండి. రేపు టోన్ నచ్చకపోతే వాయింపు అలాగే ఉంచి, రీయాంప్ బాక్స్‌తో దాన్నే మళ్లీ యాంప్‌లోకి పంపొచ్చు. పగటి పూట అరగంట మోత చేసుకునే వీలున్నవాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు: రాత్రంతా నిశ్శబ్దంగా వాయించి, మర్నాడు మధ్యాహ్నం యాంప్‌ను ఒక్క అరగంట మోగిస్తే చాలు.

చెవి చేసే మోసం

1933లో బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించిన సంగతి ఒకటుంది. మోత తగ్గినకొద్దీ మన చెవి కింది స్వరాలను మధ్య స్వరాల కన్నా చాలా ఎక్కువగా పోగొట్టుకుంటుంది. పైస్వరాలు కూడా కొంత తగ్గుతాయి. ఇంట్లో మెల్లగా వాయించేవాళ్లు బాస్ ఎక్కించి, ట్రెబుల్ ఎక్కించి, మిడ్స్ దించేస్తారు, ఎందుకంటే ఆ మోతలో అదే నిండుగా వినబడుతుంది. డ్రమ్స్, బాస్ గిటార్ వచ్చి చేరగానే ఆ టోన్ గల్లంతవుతుంది. కింద బాస్ గిటార్ ఉంది, పైన సింబల్స్ ఉన్నాయి, గిటార్ ఇల్లు అయిన మధ్య స్థలాన్ని మనమే ఖాళీ చేసి పెట్టాం. రెండు టోన్లను పోల్చేటప్పుడు కూడా మోత సమానం చేసి పోల్చండి. లేకపోతే ఎప్పుడూ గట్టిగా ఉన్నదే గెలుస్తుంది.

మిక్స్‌లో నేను చేసేది కొంచెమే. 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఎక్కడో హై పాస్, అంటే దాని కిందివి తీసేసే ఫిల్టర్. పైన 8 నుంచి 10 కిలోహెర్ట్జ్ మధ్య లో పాస్ (పైవాటిని తీసేసేది), ఆ పైన గిటార్‌లో మిగిలేది ఈగల రొదే. పామ్ మ్యూట్ దగ్గర 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య గుభేలుమంటుంటే ఆ ముక్కకు మాత్రం మల్టీబ్యాండ్ కంప్రెసర్, మోతాదు మించినప్పుడే దాన్ని నొక్కిపట్టేది. 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య ఎక్కడైనా ఈల వేస్తున్నట్టుంటే అక్కడ సన్నటి కోత. ఇంతటితో గిటార్ ట్రాకులను మాత్రమే సోలో చేసి వింటే నిరాశగానే ఉంటుంది: ఎండిన, సన్నటి, కోపంగా గీరుతున్న గొంతు. మొదట్లో ఇక్కడే భయపడి బాస్ మళ్లీ కలిపేసేవాణ్ని. ఇప్పుడు ముందు బాస్ గిటార్ ట్రాక్ మ్యూట్ తీస్తాను. అది గిటార్‌కు ఒక స్థాయి కింద, అదే రిఫ్, అదే పిక్ దెబ్బ. గిటార్ ఫేడర్లను ముట్టుకోను.